అసలు ముట్టకూడదు

(రుషికొండలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో బ్యానర్ మీద లేదు. అది ప్రెస్సువాళ్ల పొరపాటు కాదు. ఈ నిధి పెట్టిన మాస్టారు రాసిచ్చిన కాగితంలో మూడే షరతులున్నాయి. ఒకటి, తన పేరు ఎక్కడా వేయకూడదు. రెండు, బ్యాంకులో వేసిన సొమ్ము మీద వచ్చే వడ్డీతోనే సభ జరపాలి, అసలు ముట్టకూడదు. మూడు, వడ్డీ చాలని ఏడు శాలువాలూ జ్ఞాపికలూ మానేసి టీ ఇచ్చి పంపాలి. సభ మాత్రం మానకూడదు.

నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, “మాస్టారు నమ్మిన విలువల మీద ఈ రాజకీయాల మధ్య ఆశ ఎలా నిలుపుకోవాలో చెప్పండి” అన్నారు. నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను. తర్వాత ఆ కాగితం జెరాక్సు తెప్పించుకుని చదివితే, ఆయన చెప్పదలచుకున్నది రెండో షరతులోనే చెప్పేశారనిపించింది. నేను చేయబోయేది దానికి వ్యాఖ్యానం మాత్రమే.

ముందు పేరు సంగతి. ఆయనలాంటివాళ్లను ఇంగ్లీషులో కన్సర్వేటివ్ అంటారు. మన పత్రికలు మితవాది అని రాసేవి. వీధిలో ఛాందసుడు అనేవారు. మితవాది అంటే ఏ మాటా గట్టిగా అననివాడేమో అనిపిస్తుంది. ఛాందసుడంటే మడి గుర్తొస్తుంది. మాస్టారు మాటలు గట్టివే, మడి మాత్రం లేదు. ఆయన తన గురించి చెప్పుకున్నది ఒక్కటే మాట: “మనం కాపలావాళ్లం రా, సొంతదార్లం కాదు.”

గట్టు

మా ఊరు శ్రీకాకుళం దగ్గర. మాస్టారు మాకు లెక్కలు చెప్పేవారు. ఒక ఏడు దుక్కుల వేళ ఇద్దరు రైతులు గట్టు మీద తగువుపడి కర్రలదాకా వెళ్లారు. మాస్టారు ఏడో తరగతి పిల్లల్ని పదిమందిని వెంటబెట్టుకుని, “వైశాల్యం పాఠం ఇవాళ పొలంలో” అంటూ అక్కడికి నడిచారు. మాచేత తాడు పట్టించి కొలిపించారు. రెండు మూరలుండాల్సిన గట్టు ఒక చోట మూరకు తక్కువైంది. పక్క రైతు ప్రతి ఏటా నాగలి కొంచెం లోపలికి తోసి గట్టును చెక్కుకుంటూ వచ్చాడు.

“ఏటి మాస్టారూ, నాను తిన్నది ఏడాదికి ఒక్క సాలే కదా” అన్నాడతను.

మాస్టారు తిట్టలేదు. “ఒక్క సాలే. గట్టు పోయిన ఏడు పెద్ద వాన పడితే నీ నీళ్లు ఆడి మడిలోకీ, ఆడి నీళ్లు నీ మడిలోకీ పోతాయి. అప్పుడు ఎవడి ఊడుపు నిలబడద్దో చెప్పు” అన్నారు.

ఆ రైతు మాట్లాడలేదు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి మట్టి వేశారు. నాకు ఆ రోజు వైశాల్యం సూత్రం రాలేదు గాని ఒక సంగతి మాత్రం పట్టుబడింది. గట్టు ఇద్దర్ని విడదీసేదని అంతవరకూ అనుకునేవాణ్ని. నిజానికి ఇద్దరి పంటనూ నిలబెట్టేదే అది. దాన్ని ఒక్కరోజులో ఎవరూ పడగొట్టరు. ఏడాదికి ఒక చాలు చొప్పున తింటారు.

రాజ్యాధికారం గురించి మాస్టారు తర్వాత చెప్పినవన్నీ ఈ గట్టు మీద నిలబడి చెప్పినవే. రైతు భూమికీ సర్కారు చేతికీ మధ్య ఒక గట్టు. ఖజానాలో అసలుకూ వడ్డీకీ మధ్య ఒక గట్టు. నిన్నటి ప్రభుత్వం ఇచ్చిన మాటకూ ఇవాళ్టి ప్రభుత్వం ఇష్టానికీ మధ్య ఒక గట్టు. ఇవి నిలవాలి. ఇంతే ఆయన సిద్ధాంతం.

నక్షత్రం గుర్తు

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించింది. పొలాలన్నీ కలిపేసి సాగు చేస్తారు, హక్కు మాత్రం కాగితం మీద రైతుదే ఉంటుందన్నారు. గట్లు తీసేసిన పొలంలో కాగితం మీది హక్కుకు విలువేమిటని ఆచార్య ఎన్.జి. రంగా అడిగారు. అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి అధ్యక్షుడు నిడుబ్రోలు రైతుబిడ్డ రంగాయే. ఎన్నికల గుర్తు నక్షత్రం.

రంగా గారిని భూస్వాముల మనిషి అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఆయన ముందు జీవితం చూడాలి. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుడితే స్వామి సహజానంద అధ్యక్షులు, రంగా ప్రధాన కార్యదర్శి. వెంకటగిరి జమీన్ రైతుల పోరాటంలో ముందు నిలిచినవారాయన. జమీందారు చేతిలో నుంచి రైతు పట్టాను విడిపించడానికి సగం జీవితం, విడిపించిన పట్టా సర్కారు చేతిలోకి పోకుండా కాపాడటానికి మిగతా సగం. పక్షం మార్చాడని అన్నారు గాని, ఆయన నిలబడింది అదే గట్టు మీద. ఎదుటివాడే మారాడు.

మన ఉత్తరాంధ్రలో ఈ లెక్కలు మరీ తారుమారు. విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు సోషలిస్టు పార్టీలో ఉండేవారు. బారువలో పుట్టి గీత కార్మికుల కోసం, కూలీల కోసం కొట్లాడిన సర్దార్ గౌతు లచ్చన్న రంగా గారి వెంట స్వతంత్ర పార్టీలో ఉన్నారు. కుడి ఎడమలు చదువుకున్నవాళ్లు పెట్టిన బోర్డులు. జనం చూసింది తమ గట్టు ఎవరు కాపాడతారని.

1962లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 సీట్లు. 1967లో 44. అదే ఏడు మన శాసనసభలో 29 సీట్లతో కాంగ్రెస్ తర్వాతి స్థానం దానిదే. రంగా గారు శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచారు. మాస్టారు ఉద్యోగం మూలంగా జెండా పట్టలేదు గాని, ఓటేసి వచ్చిన రోజు ఇంటి ముందు ముగ్గులో చుక్క ఒకటి పెద్దదిగా ఉందని ఊరంతా చెప్పుకున్నారు.

తర్వాత 1971. ఇందిరాగాంధీ గాలిలో ఆ 44 సీట్లు 8 అయ్యాయి. శ్రీకాకుళం తిరిగి కాంగ్రెస్‌కు వెళ్లింది. 1972 డిసెంబరు 25న రాజాజీ పోయారు. 1974లో పార్టీ చరణ్ సింగ్ పెట్టిన భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా గారు మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరారు. పుట్టి పదిహేనేళ్లు నిండగానే పార్టీ కథ ముగిసింది.

నేనప్పటికి డిగ్రీలో చేరి, లోకమంతా తెలిసినట్టు మాట్లాడే వయసులో ఉన్నాను. సెలవులకు వెళ్లి, “మాస్టారూ, మీ నక్షత్రం రాలిపోయింది కదా” అన్నాను. ఆయన పరపతి సంఘం లెక్కలు రాసుకుంటున్నారు. ఉమ్మడి సేద్యం వద్దని వాదించిన మనిషే ఊరి సహకార పరపతి సంఘానికి కార్యదర్శి! బలవంతం లేకుండా కలిస్తే ఆయనకు అభ్యంతరం లేదు. తల ఎత్తకుండానే అన్నారు: “పార్టీ బండి రా. ఇరుసు విరిగితే ధాన్యం పారబోసుకుంటామా? భుజాన వేసుకుని వెళ్తాం, ఇంకో బండి వస్తే ఎక్కిస్తాం.”

అప్పట్లో అది ఓడినవాడి మాటలా వినిపించింది.

ధాన్యం ఎక్కిన బండి

పదిహేడేళ్లు గడిచాయి. 1991 వేసవిలో మన దేశం విదేశీ చెల్లింపులకు డబ్బు లేక సుమారు 47 టన్నుల బంగారం విమానాలకు ఎక్కించి తాకట్టు పెట్టుకుంది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాచుకోమని ఇంట్లో చెప్పే ముసలమ్మ మాట ఢిల్లీకి అప్పుడు వినిపించింది. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్యమని రాజాజీ ముప్పై ఏళ్ల కిందట ఎద్దేవా చేసిన కట్టడం అది.

దాన్ని విప్పిన ప్రధాని తెలుగువాడు పి.వి. నరసింహారావు. ఆయన స్వతంత్ర పార్టీ మనిషి కాడు. జీవితమంతా కాంగ్రెస్ వాడే, పైగా ముఖ్యమంత్రిగా భూ సంస్కరణల కోసం పట్టుబట్టి సొంత పార్టీలోనే శత్రువుల్ని తెచ్చుకున్నవాడు. చచ్చిపోయిన పార్టీ మాట, దాన్ని ఓడించిన పార్టీ మంత్రివర్గం నోట వచ్చింది.

దీన్ని విజయంగా చెప్పుకోవద్దని నా మనవి. పి.వి. గారు రంగా గారి ఉపన్యాసాలు చదివి మనసు మార్చుకోలేదు. అవసరం మెడమీదకొచ్చింది. అయితే మెడమీదకొచ్చినరోజు ఏం చేయాలో ముందే ఆలోచించి, నవ్వులపాలై, ఓడిపోయినవాళ్లు కొందరుండటం వల్ల ఆ ఆలోచన సిద్ధంగా దొరికింది. మనలాంటి చోట ఓడిపోయిన పక్షం చేయగల పెద్ద పని అదే: విత్తనం చెడకుండా గాదెలో ఉంచడం.

కొండ

ఇక మనం కూర్చున్న చోటికి వస్తాను.

ఈ రుషికొండ మీద పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉండేది. సముద్రం చూడటానికి మధ్యతరగతి కుటుంబాలు గది తీసుకునేవి. 2021లో దాన్ని తొలగించారు. కొండను తొలిచారు. గ్రీన్ ట్రిబ్యునల్ ఆపమంది. సుప్రీంకోర్టు పాత కట్టడాలున్న మేరకే కట్టుకోమంది. హైకోర్టు కమిటీ వేసింది. నాలుగు వందల కోట్లకు పైగా ప్రజల సొమ్ముతో భవనాలు లేచాయి. 2024లో ప్రభుత్వం మారాక గేట్లు తెరిచి చూపిస్తే జనం నోరెళ్లబెట్టారు. వాటిని దేనికి వాడాలో తేల్చుకోలేక తర్వాతి ప్రభుత్వం నెలల తరబడి తల పట్టుకుంది.

కొండ ఎర్రగా గీరుకుపోయి కనిపించిన రోజుల్లో బీచ్ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే నా పక్కన కూర్చున్న మత్స్యకార పెద్దాయన కిటికీలోంచి చూసి, “ఆనవాలు పోయింది బాబూ” అన్నాడు. సముద్రం మీద నుంచి ఇంటి దిక్కు చూసుకోవడానికి వాళ్లకు కొండలే గుర్తులు. తాతలనాటి ఆనవాలు. మన బడ్జెట్ పుస్తకాల్లో దానికి పద్దు లేదు. అదీ అసలే. ఏ ప్రభుత్వమూ సంపాదించింది కాదు, ఏ ప్రభుత్వమూ తిరిగి తేలేనిది.

ఒక్క ప్రభుత్వాన్నే అనడం న్యాయం కాదు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో ప్రజావేదిక అనే సర్కారు సమావేశ భవనాన్ని నిబంధనలు తోసిరాజని కట్టారన్నారు. 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చీరాగానే దాన్ని కూలగొట్టింది. కట్టిన తొందరా కూల్చిన తొందరా ఒక ఊరివే. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. దాని కోసం రైతులు ముప్పైమూడు వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతులకిచ్చిన మాట ప్రకారం నడవమని ప్రభుత్వానికి చెప్పాల్సివచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విశాఖ పాలనా రాజధాని అవుతుందన్నరోజు నేను అమరావతి రైతు గురించి ఆలోచించలేదు. మధురవాడలో మాకున్న స్థలం గజం ఎంతకు పోతుందో వేళ్ల మీద లెక్కేసుకున్నాను. పక్కవాడి గట్టు చెక్కి ఒక చాలు మనకిస్తామంటే సంతోషించాను. రాజకీయ నాయకుల మీద నిరాశ అంటాం గాని, ఆ నిరాశలో మన వాటా ఉంది. ప్రతి ఒక్కరూ తన వైపు చాలు పెరిగితే చాలనుకునే ఊళ్లో గట్టు ఎలా నిలుస్తుంది?

ఉక్కు

విశాఖలో ఈ విలువల గురించి మాట్లాడేవాణ్ని ఉక్కు కర్మాగారం గురించి అడగకుండా వదలరు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం దాన్ని నూటికి నూరుపాళ్లు అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సర్కారు వ్యాపారం చేయకూడదన్నదే మీ సిద్ధాంతం కదా, మరి అమ్మేయమనండి అని మిత్రులు నన్ను ఆటపట్టించారు.

నేను తలూపలేకపోయాను. ఆ కర్మాగారం బ్యాలెన్స్ షీటుతో పుట్టింది కాదు. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. తెన్నేటి విశ్వనాథం గారు ఉద్యమాన్ని నడిపారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. ఆ నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. గాజువాక దగ్గర ఒక ఇంట్లో నేను చూశాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచారు. తాత పేరు మీద కార్డు. ఉద్యోగం తండ్రికీ రాలేదు, కొడుక్కీ రాలేదు.

సొంత ఆస్తిని గౌరవించే సిద్ధాంతం ఏదైనా ముందు ఆ కార్డును గౌరవించాలి. అది ఒప్పందం. భూమి ఇచ్చినవాడి వైపు ఒప్పందం ఆ రోజే తీరిపోయింది. తీసుకున్నవాడి వైపే బాకీ ఉంది. బాకీ తీర్చకుండా, ఆ భూమి ధర కలిపి అమ్ముకుంటామంటే అది స్వేచ్ఛా మార్కెట్ కాదు, అరువు ఎగ్గొట్టడం. అలాగని నష్టాలు ఎన్నేళ్లైనా ఖజానా మోయాలనడమూ సరికాదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ సొమ్ము యంత్రాన్ని నడిపిస్తుందా, కాలాన్ని మాత్రం గడిపిస్తుందా అని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతివాడికీ ఉంది. నా మాట ఇంతే: కర్మాగారం యజమాని ఎవరైనా కానివ్వండి, ముందు ఆర్ కార్డు లెక్క తేల్చండి.

గట్టే లేనివాడు

“పాత ఒక రోత, కొత్త ఒక వింత” అని మనవాళ్లు ఊరికే అనలేదు. పాతలో రోత ఉంది. “తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి” అనే బాపతు మనుషులు మా వైపు ఎప్పుడూ ఎక్కువే. స్వతంత్ర పార్టీలో రాజులూ రాణులూ కూర్చున్న మాటా నిజమే. సంప్రదాయం పేరుతో మనిషిని ఊరి బయట పెట్టిన గట్లు కూడా ఈ దేశంలో కట్టారు. వాటిని కూలగొట్టినవాళ్లకు నా నమస్కారం.

మా తరగతిలో ఒక కుర్రవాడు, వాళ్లది ఊరి చివరి పేట, ఆ పొలం పాఠం మర్నాడు లేచి, “మాకు పొలమే లేదు కదా మాస్టారూ, గట్టు సంగతి మాకెందుకు?” అన్నాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. ఆయన దగ్గర జవాబు లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ఎన్నో ఏళ్లు, రిటైరయ్యాక కూడా, ఆయన ఆదివారాలు సర్కారు భూమి కోసం పేదల డి-పట్టా దరఖాస్తులు రాయడంలో గడిచాయని నాకు ఆలస్యంగా తెలిసింది. వంద మందికి రాసి పెడితే ఎంతమందికి పట్టా వచ్చిందో తెలియదు. ఆయన జవాబు అదీ.

ఆ డి-పట్టా మీదే ఇప్పుడు సర్కారు నాగలి ముందు పడుతుంది. 1977 చట్టం దాన్ని పేదవాడు అమ్ముకోకుండా కట్టడి చేసింది. సర్కారు మాత్రం అవసరమంటూ వెనక్కి తీసుకోగలదు. 2020లో విశాఖ చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ల స్థలాల కోసం అసైన్డ్ భూముల్ని సమీకరించారు. ఒక పేదవాడికివ్వడానికి ఇంకో పేదవాడి మడి. ఆస్తి హక్కు గురించి మాట్లాడేవాళ్లు పెద్ద కంపెనీల కేసుల్లో వినిపించినంత గట్టిగా ఈ మడి దగ్గర వినిపించకపోతే, మనల్ని జనం నమ్మకపోవడం వాళ్ల తప్పు కాదు.

ఆశ ఎక్కడుంది

మరి ఆశ ఎక్కడుంది? ఏదో పార్టీ వచ్చి ఉద్ధరిస్తుందన్న ఆశ నాకు లేదు. ఉన్నది వేరే చోట.

రాష్ట్రంలో భూముల రీసర్వే జరిగింది. పాసుపుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి ఫోటో, సరిహద్దు రాయి మీద సర్కారు పథకం పేరు వేశారు. తోడుగా భూ హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టంలో మంచి అసలే లేదని నేననను. రికార్డుల గందరగోళం తీరాల్సిందే. కానీ తన హక్కు తేల్చే పని సివిల్ కోర్టు చేతిలోంచి ఆఫీసరు చేతికి పోతుందన్న భయం రైతుకు పట్టుకుంది. స్వతంత్ర పార్టీ పేరు కూడా వినని ముప్పై ఏళ్ల రైతులు, “మా తాత ఇచ్చిన పొలం కాగితం మీద ఈయన బొమ్మేంటి?” అని టీ కొట్ల దగ్గర అడిగారు. 2024 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకాల్లో ఒకటి ఆ చట్టం రద్దు మీద పెట్టారు. పార్టీల లెక్క పక్కన పెట్టండి. 1959లో రంగా గారు అడిగిన ప్రశ్నే 2024లో ఎవరూ నేర్పకుండా రైతు నోట వచ్చింది. నేర్పకుండా వచ్చేదాన్ని ఎన్నికలు తీసుకురాలేవు, తీసుకుపోలేవు.

ఇంకో గుర్తు. ఇక్కడి నుంచి భీమిలి రోడ్డున వెళ్తే మంగమారిపేట దగ్గర తొట్లకొండ వస్తుంది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్లతోనే దానికా పేరు. వాళ్లూ కొండను తొలిచారు. కట్టడం తప్పని అనేవాడు మూర్ఖుడు. అయితే వాళ్లు తొలిచింది వాన నీటిని పట్టి ఉంచడానికి. ఏటేటా కురిసే వాన వాళ్లకు వడ్డీ. కొండ అసలు. వడ్డీ తిన్నారు, అసలు మనకు వదిలి వెళ్లారు. ఆ రాళ్ల మీద నాకు ఏ భిక్షువు బొమ్మా కనపడలేదు.

మాస్టారి మొదటి షరతు నాకు అక్కడే అర్థమైంది.

పిల్లలూ, మీకొక పని చెప్పి ముగిస్తాను. ఊళ్లకు వెళ్లినప్పుడు మీ పొలం గట్టు దాకా వెళ్లి చూడండి. పొలం లేనివాళ్లు మీ వీధి చెరువు గట్టో పార్కు గోడో చూడండి. ఏడాదికి ఒక చాలు ఎవరు తింటున్నారో గమనించండి. తినేది మీవాళ్లే అయితే ముందు వాళ్లతో మాట్లాడండి. రాజకీయం అక్కడే మొదలవుతుంది. మిగిలిందంతా ఎన్నికలే.

చివరిగా ఒక ప్రకటన. ఈ ఏడు బ్యాంకు వడ్డీ తగ్గిందని కార్యదర్శి గారు చెప్పారు. అందుకని శాలువా లేదు, జ్ఞాపిక లేదు. నిరుడు పకోడీలు కూడా పెట్టారట, ఈసారి అవీ లేవు. బయట టీ ఉంది. అసలు అలాగే ఉంది.